ఓణము: మలయాళుల పంటపండుగ

పండుగలు పంచాంగమును బట్టి వచ్చునని మనమందరము అనుకొందుము. కాని పంచాంగమునకు ముందు వాన యున్నది. వానకు వెనుక పంట యున్నది. ఏ సీమలో వాన యెప్పుడు కురియునో, క్రొత్తధాన్య మెప్పుడు గాదెలకు చేరునో, ఆ సీమలో పెద్దపండుగ యప్పటి చుట్టుప్రక్కలనే పుట్టును. పశ్చిమ సముద్రతీరమందలి మలయాళ దేశమునకు జ్యేష్ఠమాసమున దిగు నైరృతి వాన ప్రాణము. తూర్పు సముద్రతీరమందలి మన నాయుడుపేట పరిసరములకు ఆశ్వయుజ కార్తీకములందు కురియు నీశాన్యపు వాన ప్రాణము. అందువలననే వారి పెద్దపండుగ శ్రావణ భాద్రపదములలోను, మన పెద్దపండుగ పుష్యమాసములోను వచ్చుచున్నవి. వారిది ఓణము, మనది సంక్రాంతి.

స్వర్ణముఖీ తీరమందలి నాయుడుపేట 2022 వఱకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేట తిరుపతి జిల్లాలో చేరినది. ఇచ్చటినుండి చెన్నపట్టణపు బాటను దక్షిణముగా పోయినచో సూళ్లూరుపేటయు, అటనుండి తూర్పుగా పులికాటు సరస్సును దాటినచో శ్రీహరికోటయు వచ్చును. మన దేశపు రాకెట్టు ప్రయోగములు 1963 లో తిరువనంతపురము చెంతనున్న తుంబా గ్రామమున ప్రారంభమైనవి. 1971 నుండి శ్రీహరికోటయందును జరుగుచున్నవి. ఈ రెండు తావుల నడుమ ఉద్యోగరీత్యా రాకపోకలు సాగుటచేత మలయాళ కుటుంబములు మన సీమకు వచ్చి కాపురముండుట క్రొత్త గాదు. శ్రావణ భాద్రపదముల నడుమ వారి వాకిళ్లలో రంగురంగుల పూలముగ్గులు తీరియుండగా చూచి, "ఈ దినమున మనకే పండుగయు లేదే! వీరి కేమి పండుగ?" అని ఆశ్చర్యపడు సోదరీమణులు కలరు. పొరుగింటి పండుగ యెరిగినగాని పొరుగింటి మనసు తెలియదు. కావున ఓణమునుగూర్చి నాలుగు మాటలు తెలిసికొందము.

మలయాళులు వాడుకొను కొల్లము శకము క్రీస్తుశకము 825 లో మొదలైనది. అందలి మాసములు సూర్యుడున్న రాశినిబట్టి యేర్పడును. సింహమాసమునకు వారు చింగమని పేరు పెట్టుకొనిరి. దానికి ముందున్నది కర్కాటకము. ఆ నెలలో ఆకాశము తెఱపి యియ్యదు; కూలి దొరకదు; ధాన్యపు పాత్రలు అడుగంటును. మనము ఆషాఢమును శూన్యమాసమన్నట్లు వారు కర్కాటకమును కరవునెల యందురు. ఆ నెలయంతయు సాయంకాలమున దీపము వెలిగించి, 16వ శతాబ్దపు మహాకవి తుంజత్తు ఎళుత్తచ్ఛను రచించిన అధ్యాత్మ రామాయణమును చదువుకొందురు. ఆ నెల గడచి చింగము రాగానే వాన తగ్గి యెండ కాయును. వైశాఖ ప్రాంతమున విత్తిన "విరిప్పు" పైరు కోతకు వచ్చును. ఆకలి నెల వెనుకబడి అన్నపు నెల ముందునకు వచ్చిన సంతోషమే ఓణమునకు మూలము. కడుపు నిండినవారి వినోదము గాదు, కడుపు నిండబోవుచున్నవారి యుత్సాహమది.

ఈ పండుగకు చెప్పుకొను కథ మనకు క్రొత్తది గాదు. ప్రహ్లాదుని మనుమడును, విరోచనుని కుమారుడును నగు బలిచక్రవర్తి కథయే యది. పోతనగారి భాగవతమున అష్టమస్కంధమందలి వామన చరిత్రము చదువని తెలుగింటి యాడుబిడ్డ యుండదు. మూడడుగుల నేల యడిగిన వటువు ముల్లోకములు నిండుటయు, గురువు వలదన్నను బలి మాట తప్పకుండుటయు మన కెరుకయే. అయితే ఒక్క భేదము చూడుడు. మనము ఆ కథను వామనునివైపునుండి వినుచున్నాము. మలయాళులు బలివైపునుండి వినుచున్నారు. బలి యేలినపుడు కల్లలాడువాడు లేడనియు, దొంగతూకము లేదనియు, ఎక్కువ తక్కువలు లేక మనుష్యులందరు నొక్కటిగా నుండిరనియు వారి నమ్మకము. పాతాళమునకు పోవునపుడు ఏటి కొకసారి తన ప్రజలను చూచిపోవు వరము నాతడు కోరెననియు, ఆ దినమే తిరువోణమనియు చెప్పుదురు. వచ్చు ప్రభువు తన ప్రజలు లేమిలో నున్నారని చూచి నొచ్చుకొనరాదని యిల్లలికి, పూలు పరచి, క్రొత్తబట్ట కట్టి, కడుపార భుజించి కనబడుదురు.

బలి మన సీమకును పరాయివాడు గాడు. దీపావళి మరునాటి కార్తీక శుద్ధ పాడ్యమిని మనము బలిపాడ్యమి యందుము. పూర్వము కోలారు, చిత్తూరు ప్రాంతముల నేలిన బాణరాజులు తాము మహాబలి వంశమువారమని శాసనములలో వ్రాయించుకొనిరి. ఇట్లు ఒక్కని కథనే యిరుగుపొరుగు సీమలు తమ తమ తిథులలో తలచుకొనుచున్నవి.

ఓణము ఒక్కనాటి పండుగ గాదు. చింగమాసమున హస్తానక్షత్రము మొదలు శ్రవణము వఱకు పది దినములు. హస్త, చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ, మూల, పూర్వాషాఢ, ఉత్తరాషాఢ, శ్రవణము అని వ్రేళ్లు మడచి లెక్కించుకొనవచ్చును. హస్తను వారు "అత్తము" అనియు, శ్రవణమును "తిరువోణము" అనియు పిలుతురు. అత్తమునాడు ముంగిట పేడతో అలికి చిన్న గుండ్రముగా పూలు పరతురు. ఆ పూలముగ్గునకు "పూక్కళము" అని పేరు. దినదినమునకు వలయములు పెరుగుచుండ పదవనాటికి ముంగిలి నిండును. కొచ్చికి సమీపమున నున్న తృప్పూణిత్తురలో అత్తమునాడే గొప్ప యూరేగింపు జరుగును. ఒకప్పుడది కొచ్చి మహారాజుగారి యూరేగింపు; 1949 లో తిరువాంకూరు, కొచ్చి సంస్థానములు ఏకమైన పిదప రాజు లేడు గాని యూరేగింపు మిగిలినది. ఇప్పు డది ప్రజలది.

పూక్కళమునకు బాలబాలికలు తెల్లవారకమునుపే బుట్టలు పట్టుకొని గట్లవెంటను, దొడ్లవెంటను తిరిగి పూలు ఏరి తెచ్చుట పూర్వాచారము. మందారములు, నూరువరహాలు, శంఖుపూలు మొదలగు నెన్ని పూవులున్నను వారికి ముఖ్యమైనది తుంబపూవు. తుంబ యనగా మన తుమ్మియే! గట్లమీద తనంతట మొలచు నీ చిన్న తెల్లని పువ్వును మనము శివపూజకు కోసి తెచ్చుకొనుచున్నాము. పైన చెప్పిన తుంబా గ్రామమునకు సైతము ఈ మొక్కవలననే పేరు వచ్చెనందురు. కొనబోయినచో వెలలేని పువ్వు పండుగలో పెద్దపీట నెక్కినది. పేదయింటి పిల్ల తెచ్చిన పూలకును, కలవారి పిల్ల తెచ్చిన పూలకును భేద ముండకుండుటకు ఇంతకంటె మంచి యుపాయ మేమి కావలెను?

మన ముగ్గునకును వారి పూక్కళమునకును చుట్టరికము కలదు. ధనుర్మాసమున మనము బియ్యపు పిండితో ముగ్గులు పెట్టి, నడుమ గొబ్బెమ్మల నుంచి, గుమ్మడిపూలు గ్రుచ్చుదుము. వారును పేడ యలికిన నేలమీద బియ్యపు పిండి నీటితో గీతలు దిద్ది, వానిపై మట్టితో చేసిన నాలుగు పలకల గోపురమువంటి మూర్తిని నిలుపుదురు. దానికి "తృక్కాక్కర యప్పన్" అని పేరు. ఎరణాకుళము చెంతనున్న తృక్కాక్కరయందలి వామనాలయ దైవమును తలచి పెట్టు పేరది. బియ్యపు పిండిలో బెల్లము, కొబ్బరికోరు పెట్టి, అరటియాకులో చుట్టి, ఆవిరిపై వండిన "అడ"ను నివేదింతురు. పిల్లలు పెద్దలు కూడి సంతోషముతో కేకలు వేసి దేవుని లోనికి పిలుతురు.

ఉత్తరాషాఢనాటిని తొలి యోణమందురు. ఆనాడు అంగళ్లలో కాలు పెట్ట చోటుండదు. కూరగాయలు, అరటిగెలలు, బట్టలు అన్నియు నానాడే కొనవలెను. ఇంటి పెద్ద యింటివారికందరకు "ఓణక్కోడి" యను క్రొత్తబట్ట నిచ్చును. స్త్రీలు మీగడవన్నె నేతపై బంగారు జరీ యంచు గల "కసవు" బట్టలు ధరింతురు. గురువాయూరు దేవాలయమున నేంద్రపు అరటిగెలలను కృష్ణస్వామికి కానుకగా సమర్పింతురు. ఈ గెలలకు వేఱొక చరిత్రయు కలదు. పూర్వము కౌలురైతు ఓణమునకు మంచి గెలను భూస్వామి యింటికి మోసికొనిపోయి యిచ్చి, బదులుగా బట్టయు బియ్యమును పొందెడివాడు. 1970 లో అమలులోనికి వచ్చిన భూసంస్కరణలచేత కేరళమున ఆ కౌలు పద్ధతి తొలగిపోయినది. అందరు నొక్కటే యని పాడుకొను పండుగలో సైతము ఒకరు ఇచ్చువారు, ఒకరు మోయువారుగా నుండిరన్న సంగతిని మరువరాదు. "కాణం విట్టుం ఓణం ఉణ్ణణం" అని వారి సామెత. ఉన్న ఆస్తి నమ్మియైనను ఓణపు భోజనము చేయవలెనని యర్థము. మన "అప్పు చేసి పప్పుకూడు" దీని ప్రక్కన పెట్టి చూడుడు. వారి సామెత పండుగను హెచ్చించుచున్నది. మన సామెత యిల్లాలిని హెచ్చరించుచున్నది. రెండును గృహిణికి కావలసినవే.

ఇక భోజనము. తిరువోణమునాటి విందును "ఓణసద్య" యందురు. మనవలెనే నేల చాపలపై కూర్చుండి, అరటియాకు కొన యెడమచేతి వైపు వచ్చునట్లు వేసికొందురు. ఉప్పు, అరటికాయ వేపుడు రేకులు, బెల్లపు పూత పట్టించిన అరటిముక్కలు, అప్పడము, ఊరగాయలు, చింతపండు బెల్లములతో వండిన అల్లపు పులుసు, పెరుగు పచ్చళ్లు, కొబ్బరి చల్లిన వేపుడుకూర, గుమ్మడికాయ ఎరిశ్శేరి, కంద అరటికాయల కాళన్, బూడిదగుమ్మడి ఓలన్, అవియల్ మొదలగునవి వరుసగా వడ్డింతురు. అన్నమున ముందు పప్పు నెయ్యి, పిదప సాంబారు, తరువాత పాయసములు, చివర మజ్జిగ. నూనె యంతయు కొబ్బరినూనెయే. మన నెల్లూరివారికి కారము చాలదనిపించునేమో గాని, పులుపు, తీపి, కమ్మదనము లొకదాని వెనుక నొకటి వచ్చి నాలుకకు విసుగు గలుగనీయవు.

వీనిలో అవియల్ మన వంటయింట సులువుగా కుదురును. కంద, అరటికాయ, మునగకాయ, బూడిదగుమ్మడి, పొట్లకాయ, అలచంద కాయలు, ఇంకను దొరికిన నాటుకూరలు వ్రేలంత పొడవున తరుగుకొనవలెను. గట్టివి ముందును, మెత్తనివి వెనుకను గిన్నెలో వేసి, పసుపు, ఉప్పు, కొంచెము నీరు పోసి మూతపెట్టి యుడికింపవలెను. ముక్క చెదరరాదు. పచ్చికొబ్బరి, పచ్చిమిరపకాయలు, జీలకఱ్ఱ కచ్చాపచ్చగా నూరి కలిపి, పుల్లని పెరుగు చిలికి పోసి, సన్నని సెగపై నొక నిమిషముంచి దింపవలెను. పచ్చి కరివేపాకు వేసి, పైన చెంచాడు కొబ్బరినూనె పోసి మూతపెట్టుడు. పోపు వలదు. పోపు లేని కూరయా యని శంకింపవలదు. కరివేపాకును కొబ్బరినూనెయు ఆ వేడికే పరిమళించును.

అడప్రథమ మను పాయసమునకు బియ్యపు పిండితో చేసి యెండబెట్టిన "అడ" రేకులను ఉడికించి, బెల్లపు పాకమున నేతితో మగ్గనిచ్చి, కొబ్బరిపాలు పోయుదురు. కొబ్బరిని మూడుమార్లు పిండి పాలు తీసి, పలుచని మూడవ పాలు ముందును, చిక్కని మొదటి పాలు చివరను పోయుట మెలకువ. మొదటి పాలు పోసిన పిదప కాగనీయరాదు. కాగినచో పాలు విరుగును.

భోజనానంతరము ఆటలు. చెట్లకు ఉయ్యాలలు కట్టి యూగుట చూచినచో మన అట్లతద్ది జ్ఞప్తికి వచ్చును. స్త్రీలు నిలువుదీపము చుట్టు వలయముగా నిలిచి, చప్పట్లు చరచుచు, పాడుచు, అడుగులు వేయుట "కైకొట్టిక్కళి". మన పల్లెలలో గొబ్బెమ్మల చుట్టు తిరిగి చప్పట్లు చరచు గొబ్బి యాటకు అది చెల్లెలే. పురుషులకు పడవ పందెములు. పంపానదిలో ఆరన్ముళ దేవాలయము చెంత ఓణము తరువాత వచ్చు ఉత్తరాభాద్రనాడు పడవల యుత్సవము జరుగును. ఆలప్పుళలోని పున్నమడ సరస్సులో నెహ్రూగారి పేరిట జరుగు పందెము 1952 లో నాతడు వచ్చి చూచినప్పటినుండి వచ్చుచున్నది. నూరడుగులు మించిన పొడవైన పడవలో సుమారు నూఱుగురు ఒక్క పాటకు తెడ్లు వేయుదురు. నాలుగవ యోణమునాడు త్రిశ్శూరులో పురుషులు ఒంటికి రంగులు పూసికొని పులివేషములు కట్టుదురు. ఆ నాలుగవ దినమే, శతభిషానక్షత్రమున, జాతిభేదములను ఖండించిన శ్రీ నారాయణగురువు జయంతి. మలయాళ దేశమున హిందువులే గాక క్రైస్తవులు, మహమ్మదీయులును ఓణమును తమ పండుగగా జరుపుకొందురు.

ఇంతవఱకు పండుగ శోభ చెప్పుకొంటిమి. ఇక దాని వెనుకనున్న చింతను గూడ చెప్పవలెను. పంటపండుగకు పంట యేది? 1970 దశకము నడుమ కేరళమున సుమారు 8.8 లక్షల హెక్టార్లలో వరి పండెడిది. ఇటీవల నది సుమారు 2 లక్షల హెక్టార్లకు దిగినది. వరిమళ్లు రబ్బరు తోటలుగను, ఇండ్ల స్థలములుగను మారినవి. మిగిలిన మళ్లను పూడ్చరాదని 2008 లో శాసనము చేయవలసి వచ్చినది. నేడు మలయాళుల కుండలో నుడుకు బియ్యమున గొప్పభాగము ఇతర రాష్ట్రములది. మన గోదావరి జిల్లాల "జయ" బియ్యమునకు అచ్చట గిరాకి మెండు. పూక్కళమునకు బంతిపూలు కన్నడ, తమిళ సీమలనుండి లారీలలో వచ్చుచున్నవి. గట్లు లేనిచోట తుమ్మి యెట్లు మొలచును? పిల్లలు పూవు లేరుట మాని కొనుట నేర్చినపుడు పేద పూవునకు పీట తప్పినది.

అయితే ఈ చింతకు మందు వెదకినవారు స్త్రీలే యగుట గమనింపదగినది. 1998 లో ప్రారంభమైన "కుటుంబశ్రీ" యను స్త్రీల సంఘములు కౌలునకు భూములు తీసికొని, పదిమంది కూడి వరియు కూరగాయలును పండించుచున్నవి. ఓణపు అంగళ్లకు బంతిపూలను సైతము సాగుచేయుచున్నవి. మన నెల్లూరు సీమకిది వింతగా తోచదు. 1990 దశకము మొదట దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడగా, 1993 లో ఆంధ్రదేశమున సారా నిషేధమైనది. ఆ వెనుకనే మన స్త్రీలు దినమునకు రూపాయి చొప్పున కూడబెట్టి "పొదుపులక్ష్మి" సంఘములు కట్టిరి. ఇల్లు నిలుపుకొనవలెనన్నప్పుడు ఏ సీమ స్త్రీయైనను పదిమందితో చేయి కలుపుటయే దారి.

2018 లో ఓణమునకు ముందే కేరళమును మహాప్రళయమువంటి వరద ముంచినది. ఆగష్టు 25 న తిరువోణము. ఆనాడు వేలకొలది కుటుంబములు సహాయశిబిరములలో నుండెను. ప్రభుత్వము ఉత్సవములు మానుకొని ఆ ధనమును సహాయమునకు వినియోగించినది. ఎరణాకుళము జిల్లాలోని చేందమంగళమున సాలెవారు ఓణపు అమ్మకములకై నేసి మడచి పెట్టిన బట్టలన్నియు బురదపాలైనవి, మగ్గములు మునిగినవి. మన వెంకటగిరి మగ్గాలవారి బ్రతుకు తెలిసినవారికి ఆ నష్టమెట్టిదో వేఱుగ చెప్పనక్కరలేదు. అయినను ఆ మరకలబట్టలను పారవేయక, ఉతికి, ముక్కలు చేసి, చిన్న బొమ్మలు కుట్టి, "చేక్కుట్టి" యని పేరు పెట్టి యమ్మిరి. చేఱనగా బురద, కుట్టియనగా బిడ్డ. బురదలో పుట్టిన బిడ్డ యన్నమాట. బొమ్మపై మరక యట్లే యుండెను. కుట్టిన చేతులలో ననేకము స్వచ్ఛందముగా ముందునకు వచ్చిన స్త్రీలవి. వచ్చిన ధనము నేతవారికి చేరినది. 2024 లో వయనాటియందు కొండచరియలు విరిగిపడి పల్లెలు సమాధియైనపుడును ప్రభుత్వోత్సవములు మానిరి. ప్రజలు కష్టములో నున్నపుడు బలిచక్రవర్తి మాత్రము విందు నాశించునా?

మఱియొక సంగతి. ఇరువది కూరల సద్య యన్నంత మాత్రమున నోరూరును గాని, ఆ కూరలు తరిగిన చేతుల నెవరు తలతురు? ఉత్తరాషాఢ రాత్రి కొబ్బరి తురుముటతో మొదలై, తిరువోణపు మధ్యాహ్నము ఎంగిలాకులు తీయుటతో ముగియు నా పని గృహిణి నడుము విరుచును. నేడు పట్టణములలో పెక్కు కుటుంబములు సద్యను వంటవారియొద్ద తెప్పించుకొనుచున్నవి. కొందరు దీనిని ఆచారభ్రష్టత్వమని నిందింతురు. కాని ఇంటి యిల్లాలు ఆకు ముందు కూర్చుండి వేడిగా భుజింపలేని పండుగ సమత్వపు పండుగ యెట్లగును? ఇంటిల్లిపాదియు తలకొక పని పంచుకొనుట ఉత్తమము. అది కుదరనిచో తెప్పించుకొనుటలో దోషము లేదు. మన సంక్రాంతి పిండివంటలకును ఈ మాట వర్తించును.

మనకును ఆలోచింపవలసినది కలదు. నెల్లూరు తీరమున వరి యధికభాగము ఈశాన్యపు వానల నాశ్రయించి నాటబడి, మాఘ ఫాల్గుణములలో కోతకు వచ్చును. సంక్రాంతినాటికి మన పొలములు పెక్కు పచ్చగనే యుండును. పండబోవు పంటపై నమ్మకముతో మనము పండుగ చేసికొందుము. తీరమున మూడు దశాబ్దములకు పైగా రొయ్యలగుంటలు పెరుగుచున్నవి. ఉప్పునీరు నిలిచిన నేల మరల వరికి వచ్చుట కష్టము. ముగ్గులో బియ్యపు పిండికి బదులు సుద్దపొడి చేరినపుడు చీమలకు తిండి పోయినది. మడి పోయినచో ముగ్గునకే యర్థము పోవును. మలయాళ దేశమునకు జరిగినది మనకు పాఠము.

సోదరీమణులారా! వచ్చు ఓణమునాడు మీ వీధిలో మలయాళ కుటుంబమున్నచో, మీ దొడ్డిలో విరిసిన తుమ్మిపూలు దోసెడు వారి పూక్కళమునకు పంపుడు. వారు అవియల్ గిన్నె పంపుదురు. సంక్రాంతికి మీరు అరిసెలు పంపుదురు. పెరటిలో నొక మునగయు, ఒక కరివేపయు, గట్టున నాలుగు తుమ్మిమొక్కలును ఉండనిండు. పిల్లలచేత పూలు కొనిపింపక ఏరింపుడు. బలిచక్రవర్తి ఏ వాకిటికి వచ్చినను, వామనుడు ఏ వాకిటికి వచ్చినను, వారికి పెట్టుటకు గుప్పెడన్నము మన నేలలో పండినది యుండవలెను. ఓణమైనను, సంక్రాంతియైనను ఆ గుప్పెడన్నము కొఱకే.